సిటీ క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్ళి చేతి చమురు వదిలింది, ఇప్పుడు న్యూరెంబర్గ్ వెళ్ళాలా మానేయాలా?

తడిసిన మఫ్లర్:

అందరికీ నమస్తే. మేం యూకేలో ఉంటాం, నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప. ఏ సిటీ అనేది చెప్పను, ఊరిని తిట్టడం నా ఉద్దేశం కాదు, పెద్ద సిటీయే అనుకోండి. నవంబర్ మొదలైనప్పటి నుంచి ఫోన్ తెరిస్తే చాలు అక్కడి క్రిస్మస్ మార్కెట్ వీడియోలే, చెక్క గుడిసెలు, వాటి మీద మంచు, పైన లైట్ల తోరణాలు, పొగలొచ్చే కప్పు పట్టుకుని నవ్వుతున్న జనం. పాప కూడా ఒకటే గోల. సరే అని పోయిన శనివారం గంటన్నర ట్రైన్‌లో నిలబడి మరీ వెళ్ళాం.

మూడింటికి దిగాం, నాలుగయ్యేసరికి చీకటి పడిపోయింది, అది డిసెంబర్‌లో మామూలే లెండి. కానీ జనం చూడాలి, ఇసకేస్తే రాలనంత. నడవడం అంటూ ఏం లేదు, వెనక నుంచి తోస్తే ముందుకి వెళ్ళడమే, పాపని భుజాల మీద ఎక్కించుకున్నా, ఆ భుజాలు ఇంకా పట్టేసే ఉన్నాయి. పైన సన్నటి వాన. గుడిసెల మీద మంచు అనుకున్నది దూది. సరే దూది అయితే ఏం అనుకున్నా, లోపల ఏముందో చూద్దాం అని ఒక్కో స్టాల్ చూసుకుంటూ వెళ్తే ఫోన్ కవర్లు, ఊలు సాక్సులు, పేరు చెక్కిచ్చే కీచైన్లు, మళ్ళీ సాక్సులు. ఒకే రకం క్యాండిల్ స్టాండు, రెయిన్‌డీర్ బొమ్మ ఉన్నది, అచ్చం అదే మూడు స్టాళ్ళలో చూశాం, మూడు చోట్లా మూడు రేట్లు. నేను ఊరుకోలేక లెక్కపెట్టా, నలభై స్టాళ్ళలో సగానికి పైగా తినేవీ తాగేవీ.

మల్డ్ వైన్ (మసాలాలు వేసి వేడి చేసిన వైన్) కప్పు 7.50 పౌండ్లు, కప్పుకి డిపాజిట్ ఇంకో 5. రెండు తీసుకుంటే 25 పౌండ్లు అక్కడే పోయాయి, నోట్లో పెట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు, దగ్గు మందులో పంచదార కలిపినట్టుంది. ఆ కప్పులు తిరిగిచ్చే లైను కొనే లైను కంటే పొడుగు, వానలో ఇంకో ఇరవై నిమిషాలు ఎవడు నిలబడతాడు అని ఇంటికి తెచ్చేసుకున్నాం. సాసేజ్ రోల్ 9 పౌండ్లు. రంగులరాట్నం పాపకి 5, మూడు నిమిషాలు తిరిగింది, రెండు అనిపించింది. శాంటా దగ్గరికి వెళ్దామంటే ఆన్‌లైన్‌లో రెండు వారాల ముందే నిండిపోయిందంట. బాత్రూం కోసం పక్కనున్న షాపింగ్ మాల్‌కి పరిగెత్తాం.

అరగంట తిరిగాక పాప భుజాల మీద నుంచి అడిగింది, "నాన్నా, మార్కెట్‌కి ఎప్పుడు వెళ్తాం?" అని. అంతే, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇక అసలు ప్రశ్న. వేసవిలోనే జర్మనీలో న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్‌కని ఫ్లైట్ టికెట్లు కొనేశా, వచ్చే గురువారం వెళ్ళి ఆదివారం రావడం, టికెట్ డబ్బులు ఎలాగూ వెనక్కి రావు. షెంగెన్ వీసా స్లాట్ కోసం పడ్డ పాట్లు వేరే కథ. హోటల్ మాత్రం సోమవారం లోపు క్యాన్సిల్ చేస్తే ఫ్రీ. మా ఆవిడ "ఒక్కసారి బుద్ధి రాలేదా" అంటోంది. నిజంగా అన్నీ ఇంతేనా, లేక మేం వెళ్ళిందే అలాంటిదా? వెళ్ళినవాళ్ళు నిజం చెప్పండి, ఫొటోలు వద్దు బాబోయ్.

పొగమంచు:

శనివారం సాయంత్రం పూట వెళ్ళి జనం ఎక్కువున్నారు అంటారేంటి అన్నా 😀 ఆ జనంలో మీరూ ముగ్గురు కదా.

పాప ప్రశ్న మాత్రం సూపర్.

పాత స్టాల్ బాయ్:

నేను మాస్టర్స్ చేసేటప్పుడు ఇక్కడే యూకేలో ఒక సిటీ మార్కెట్‌లో డ్రింక్స్ కౌంటర్‌లో ఒక సీజన్ పనిచేశా, ఆరు వారాలు, కాళ్ళు రెండూ మంచు గడ్డలయ్యాయి. ఆ అనుభవంతో చెప్తున్నా, మీరు చూసింది ఎవరో పొరపాటున చెడగొట్టిన మార్కెట్ కాదు, దాని లెక్కే అంత.

ఎలా నడుస్తుందంటే, కౌన్సిల్ ఆ స్క్వేర్‌ని ఒక ఆపరేటర్‌కి కాంట్రాక్టుకిస్తుంది. వాళ్ళు గుడిసెలు తెచ్చి పెట్టి, కరెంటు, సెక్యూరిటీ, చెత్త అన్నీ చూసుకుని ఒక్కో గుడిసెనీ సీజన్ మొత్తానికి అద్దెకిస్తారు. అద్దె ముందే కట్టాలి, వాన పడినా గాలొచ్చి రెండ్రోజులు మూసినా అది తగ్గదు. 2016లో బెర్లిన్‌లో మార్కెట్ మీదికి లారీ తోలిన దారుణం జరిగాక చుట్టూ దిమ్మెలు, గేట్లు, గార్డుల ఖర్చు కూడా పెరిగింది, అది కూడా తిరిగి తిరిగి అద్దెల్లోకే వస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఇంట్లో కూర్చుని మట్టి కప్పులు చేసుకునే ఒకామె ఉందనుకుందాం, ఆవిడ ఆరు వారాలు రోజుకి పదిగంటలు స్టాల్‌లో నిలబడితే కప్పులు ఎప్పుడు చేస్తుంది? ఆరు వారాలకి సరిపడా సరుకు ముందే చేసి పెట్టుకోవాలంటే ఏడాది పట్టుద్ది. అందుకే అద్దె ఎంత అనేదాని కంటే ముందే, సీజన్ ఎన్ని రోజులు అనేదాని దగ్గరే ఆవిడ అవుట్. ఇంక మిగిలేది హోల్‌సేల్‌లో పెట్టెలు పెట్టెలు తెచ్చుకునేవాళ్ళు. మీరు మూడు చోట్ల చూసిన రెయిన్‌డీర్ ఒకే గోడౌన్ నుంచి వచ్చి ఉంటుంది, అక్కా చెల్లెళ్ళు పాపం.

వైన్ సంగతి. మా దగ్గర అది రెడీమేడ్‌గా పెద్ద డబ్బాల్లో వచ్చేది, మేం చేసే పని బాయిలర్‌లో పోసి వేడి చేయడం, మహా అయితే పైన నాలుగు నారింజ ముక్కలు. మరిగించకూడదు, ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. వారం మధ్యలో మధ్యాహ్నం వచ్చినవాడికి మంచి వేడి వేడి కప్పు దొరికేది. శనివారం సాయంత్రం ఏమయ్యేదంటే లైను ఎంతకీ తరగదు, బాయిలర్ సగమయ్యేలోపు చల్ల డబ్బా ఇంకోటి పోసేవాళ్ళం, అది కాగే టైం ఎక్కడిది, అలాగే పట్టిచ్చేసేవాళ్ళం. జనం కూడా చలికి రెండు చేతులతో కప్పు పట్టుకుని థాంక్యూ చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు, ఒక్కడు కూడా వెనక్కి తెచ్చి ఇదేంటని అడగలేదు. నాకే సిగ్గేసేది.

కప్పుల డిపాజిట్ విషయం మాత్రం పాయింటే, మా కౌంటర్‌లో రాత్రి లెక్క చూస్తే పొద్దున వెళ్ళినన్ని కప్పులు ఎప్పుడూ తిరిగి రాలేదు. కావాలని చేసేవాళ్ళా అంటే నాకు చెప్పినవాళ్ళు లేరు, కానీ తిరిగి తీసుకునే కిటికీ దగ్గర ఒక్కడే, అమ్మే దగ్గర నలుగురం. మీరే అర్థం చేసుకోండి.

ఒక చిట్కా ఇస్తా, ఇకముందు ఎక్కడికైనా వెళ్ళే ముందు అది ఎన్ని రోజులు జరుగుతుందో చూడండి. రెండు మూడు రోజులే పెట్టే చిన్న మార్కెట్లు ఉంటాయి, చర్చి హాల్లోనో పాత కోట ఆవరణలోనో, అక్కడ చేసినవాళ్ళే అమ్ముతుంటారు, ఎందుకంటే వాళ్ళు ఆ మాత్రం రోజులే రాగలరు. ఫోన్లో దాని వీడియోలు రావు, అదే దాని గొప్పదనం.

పొగమంచు:

గోరువెచ్చటి వైన్ ఇన్నాళ్ళూ నాకే ఇస్తున్నారు అనుకున్నా.

ఎర్లాంగెన్ అక్క:

తమ్ముడూ హోటల్ క్యాన్సిల్ చేయకు. నేను న్యూరెంబర్గ్ పక్క ఊర్లోనే పదకొండేళ్ళ నుంచి ఉంటున్నా, ఏటా చుట్టాలని తిప్పడం నా డ్యూటీ, కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తా.

ముందు ఒక తేడా. ఇక్కడ మార్కెట్ అనేది వైన్ స్టాళ్ళ కోసం పుట్టినది కాదు, అడ్వెంట్ కోసం పుట్టినది, అంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలు. న్యూరెంబర్గ్‌ది మొదటి అడ్వెంట్ ఆదివారానికి ముందు శుక్రవారం మొదలై 24న మధ్యాహ్నం మూసేస్తారు. మొదలయ్యే రోజు సాయంత్రం అయిదున్నరకి ఫ్రాయెన్‌కిర్షె అనే చర్చి బాల్కనీ మీద నుంచి క్రిస్ట్‌కిండ్ (ఇక్కడ పిల్లలకి కానుకలు తెచ్చే దేవదూతలాంటి పాత్ర) వేషంలో ఒక అమ్మాయి పద్యంలా స్వాగతం చదువుతుంది, బంగారు రంగు జుట్టు, బంగారు కిరీటం, రెండేళ్ళకోసారి ఊరి అమ్మాయిల్లోంచే ఎన్నుకుంటారు. మీరు వచ్చేసరికి అది అయిపోతుంది కానీ ఆ అమ్మాయి సీజన్లో మధ్య మధ్యలో పిల్లల్ని కలవడానికి వస్తుంది, రోజులూ టైములూ ముందే చూసుకో, మీ పాప వయసుకి అది శాంటా కంటే బాగా నచ్చుతుంది.

హాప్ట్‌మార్క్ట్ చౌరస్తాలో దాదాపు 180 స్టాళ్ళు, అన్నిటికీ ఎరుపు తెలుపు చారల గుడ్డ. ప్లాస్టిక్ దండలు, రికార్డు పాటలు ఇక్కడ పెట్టనివ్వరు, మొదటిసారి వచ్చినప్పుడు నాకు బాగా తగిలింది ఆ నిశ్శబ్దమే, అంత జనంలోనూ మాటలే వినిపిస్తాయి. మా అత్తగారు "ఇదేంటే మైకే లేదు, పండగేనా" అన్నారు.

ఏం చూడాలంటే, ట్స్‌వెట్ష్‌గెన్‌మెన్లె అని ఎండు ప్లమ్ పళ్ళతో చేసిన మనుషుల బొమ్మలు ఉంటాయి, కాళ్ళూ చేతులూ ఎండు ప్లమ్‌లు, తలకాయ వాల్‌నట్, దానికి బట్టలు కుట్టి టోపీ పెట్టి వంటవాడు, డాక్టరు, పెళ్ళికూతురు అని చేస్తారు. నోరు తిరగకపోతే వేలు పెట్టి చూపించు చాలు. అది ఇంకెక్కడా ఇంత బాగా దొరకదు. లేబ్‌కూఖెన్ అని మసాలా బిస్కెట్లు ఉంటాయి, కొంటే ఎలీజెన్ రకం అడుగు, దాంట్లో కనీసం 25 శాతం నట్స్ ఉండాలి, మైదా 10 శాతం దాటకూడదు అని రూల్ ఉంది, మిగతావి పిండి బిస్కెట్లు అనుకో. తినడానికి మూడు చిన్న సాసేజ్‌లు పెట్టిన బన్ను, డ్రై ఇమ్ వెగ్లా అంటారు, ఒక్కోటి వేలంత ఉంటుంది, అయిదు యూరోలు అటూ ఇటూ. గ్లూవైన్ అంటే మల్డ్ వైనే, దాంట్లో ఇక్కడ బ్లూబెర్రీది ఫేమస్, పాపకి కిండర్‌పున్ష్ అడుగు, దాంట్లో ఆల్కహాల్ ఉండదు. కప్పుకి డిపాజిట్ ఇక్కడా ఉంది, భయపడకు, ఆ స్టాల్‌లోనే ఇచ్చేస్తే వెంటనే చేతిలో పెడతారు.

పాపని హాన్స్ సాక్స్ ప్లాట్స్‌కి తప్పకుండా తీసుకెళ్ళు, రెండు నిమిషాల నడక, అక్కడ పిల్లల కోసమే వేరే మార్కెట్, చిన్న ఆవిరి రైలు, పాతకాలం రంగులరాట్నం ఉంటాయి. ఇంకా మధ్యాహ్నం సరిగ్గా 12కి ఫ్రాయెన్‌కిర్షె గడియారం కింద నిలబడండి, చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల బొమ్మలు ఆయన చుట్టూ తిరుగుతాయి, 1509 నాటి ఏర్పాటు. ఆ చౌరస్తాలోనే షోనర్ బ్రున్నెన్ అని గోపురంలా ఉండే ఫౌంటెన్, దాని ఇనప కంచెలో ఒక ఇత్తడి ఉంగరం ఉంటుంది, తిప్పి ఏదన్నా కోరుకుంటే అవుతుందంటారు. పాపని ఎత్తుకోవాలి, రెడీగా ఉండు.

చెడు కూడా చెప్తానన్నా కదా. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఇక్కడా నువ్వు చెప్పిన సీనే, టూరిస్ట్ బస్సులు వరసగా దిగుతాయి. మీరు గురువారం వస్తున్నారు కాబట్టి ఆ సాయంత్రం, శుక్రవారం పొద్దున పదింటికి తెరవగానే, ఈ రెండు టైములు మార్కెట్‌కి పెట్టుకోండి. శనివారం మార్కెట్ జోలికే పోకండి, కోట ఎక్కండి.

నోరూరుకోదు:

అక్కా మీరు చెప్పింది బాగుంది కానీ జర్మనీ అంటే స్వర్గం, యూకే అంటే మోసం అన్నట్టు అందరూ రాస్తుంటే నవ్వొస్తోంది. దూరపు కొండలు నునుపు అంతే. నేను జర్మనీలోనే ఉంటా, పేరు అనవసరం, ఒక పెద్ద సిటీ మార్కెట్‌లో నాకూ అవే సాక్సులు, అదే ఫోన్ కవరు కనిపించాయి. మా ఆఫీసు జర్మన్లకి వస్తువులతో పనే లేదు, ఆరింటికి పని అయ్యాక నిలబడి రెండు కప్పులు తాగి పోతారు, వాళ్ళకి మార్కెట్ అంటే అదే, స్టాల్ వైపు తల కూడా తిప్పరు. మనమే ఏదో మ్యూజియంలా చూసొద్దాం అని వెళ్ళి ఏడుస్తున్నాం.

ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ కూడా వెళ్ళా, 1570 నుంచి ఉన్న మార్కెట్, కాదనను, కెథడ్రల్ ముందు నిలబడితే ఒళ్ళు జలదరించింది. కానీ శనివారం వెళ్ళడం వల్ల వంతెన దగ్గర బ్యాగ్ చెకింగ్ లైను, లోపల సందుల్లో ట్రాఫిక్ జామ్, మనుషుల ట్రాఫిక్ జామ్. మా బాబు బండి చక్రం ఎవరి కాలి మీదికో ఎక్కింది, ఆయన ఫ్రెంచ్‌లో ఏదో అన్నాడు, అర్థం కాకపోవడమే మంచిదైంది.

అసలు దొంగ ఫోను. 2025 నవంబర్‌లో చూశారుగా, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు పెద్ద క్రిస్మస్ మార్కెట్ అని ఏఐ బొమ్మలు తిరిగాయి, జనం నిజంగానే వెళ్ళారు, వెళ్తే గేటు, వాన నీళ్ళ గుంటలు. అక్కడ ఉన్నది చిన్న గిఫ్ట్ షాపు. అది అబద్ధం బొమ్మ, మన తడిసిన మఫ్లర్ గారు చూసినవి నిజం వీడియోలే, కానీ పొద్దున జనం రాకముందు డ్రోన్‌తో తీసినవి. నాకైతే రెండిటికీ పెద్ద తేడా కనపడలేదు.

లింకన్ మెట్లదారి:

జనం గురించి మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి. ఇంగ్లండ్‌లో మా లింకన్ మార్కెట్ 1982లో మొదలైంది, జర్మనీలో మాకు ట్విన్ టౌన్ (స్నేహంగా జతకట్టిన ఊరు) నోయ్‌స్టాట్ ఉంది కదా, వాళ్ళని చూసి పెట్టారు, మొదట్లో 11 స్టాళ్ళు. కెథడ్రల్‌కీ కోటకీ మధ్యలో, చూడ్డానికి నిజంగా దేశంలో అంత అందమైన చోటు లేదు అంటా, నేను అక్కడివాణ్ణి కాబట్టి అంటున్నా అనుకోండి. నాలుగే రోజులు. చివరికి 2022లో ఆ నాలుగు రోజుల్లో 3,20,000 మంది వచ్చారు, ఆ ఇరుకు రాళ్ళ దారుల్లో. నేను ఆ శనివారం ఉన్నా, నడకకి కూడా వన్‌వే పెట్టారు, ఒకసారి దాటిపోయిన స్టాల్‌కి వెనక్కి రావాలంటే ఊరంతా చుట్టి రావాలి. 2023లో కౌన్సిల్ సేఫ్టీ కారణంగా ఆపేసింది. ఊళ్ళో సగం మంది ఇంకా తిట్టుకుంటున్నారు, నేను తిట్టను, ఆరోజు ఒక పెద్దాయన గోడకి ఆనుకుని ఊపిరి తీసుకోవడం నా కళ్ళారా చూశా.

స్టాల్ బాయ్ గారు చెప్పిన తక్కువ రోజుల లెక్క కరెక్టే గానీ ఇది కూడా కలుపుకోండి. తక్కువ రోజులు, మంచి పేరు, రెండూ కలిస్తే ఇలాగవుద్ది.

పాత స్టాల్ బాయ్:

ఒప్పుకుంటా. అందుకే వీడియోలు రానివి చూసుకోమన్నా 🙂

తడిసిన మఫ్లర్:

అందరికీ థాంక్స్. బాయిలర్ కథ మా ఆవిడకి చదివి వినిపించా, పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వాక "సరే వెళ్దాం, కానీ సాక్సులు కనిపిస్తే నేను రూముకి వెళ్ళిపోతా" అంది. అక్కా మీరు చెప్పినట్టే గురువారం సాయంత్రం, శుక్రవారం పొద్దున ప్లాన్ చేశాం. నోరూరుకోదు గారూ, మీరన్న డ్రోన్ పాయింట్‌కి నేను వెళ్ళి మళ్ళీ ఆ వీడియో చూశా, నిజమే, ఒక్క మనిషి లేడు దాంట్లో, తెల్లారుజామున తీసినట్టుంది. ఒకటి చెప్పండి, చలికి పాపకి ఏం వేయాలి, ఇక్కడి జాకెట్ సరిపోద్దా?

ఎర్లాంగెన్ అక్క:

జాకెట్ కాదు, బూట్లు చూసుకో. రాళ్ళ నేల మీద గంట నిలబడితే చలి కింద నుంచి ఎక్కుతుంది. ఊలు సాక్సులు రెండు జతలు. (ఇందుకే ఆ సాక్సుల స్టాల్ అన్ని చోట్లా ఉంటుంది తమ్ముడూ, మీ ఆవిడకి చెప్పు.)

తడిసిన మఫ్లర్:

*(పది రోజుల తర్వాత)*

వెళ్ళొచ్చాం, చెప్తానన్నా కదా, చెప్తున్నా.

గురువారం సాయంత్రం ఫ్లైట్ గంట లేటు, హోటల్లో సామాను పడేసి హాప్ట్‌మార్క్ట్ చేరేసరికి ఎనిమిది, తొమ్మిదికి మూసేస్తారు. అదే మంచిదైంది, జనం పలచబడ్డారు, చారల గుడ్డల కింద పసుపు లైట్లు, ఎక్కడా పాట లేదు, అక్క చెప్పిన నిశ్శబ్దం నాకూ తగిలింది. మా ఆవిడ అరగంట ఏం మాట్లాడలేదు, అది మా ఇంట్లో రికార్డు. గ్లూవైన్ వేడిగా ఉంది బాబూ, నాలిక కాలింది, ఆ కాలడం కూడా సంతోషంగా ఉంది. కప్పు ఇస్తే డిపాజిట్ చిల్లరతో సహా చేతిలో పెట్టాడు, వానలో నిలబడ్డ మనిషిని కదా, నేను రెండుసార్లు థాంక్స్ చెప్పా, అతను వింతగా చూశాడు.

శుక్రవారం పొద్దున కూడా బానే ఉంది. పాప ఆవిరి రైలు మూడుసార్లు ఎక్కింది. 12 గంటలకి గడియారం బొమ్మలు తిరిగాయి, నిజం చెప్పాలంటే ఆరేళ్ళ పిల్లకి అది అంత ఎక్కలేదు, "అయిపోయిందా?" అంది. ఉంగరం మాత్రం వదల్లేదు, ఎత్తుకుని ఎత్తుకుని మళ్ళీ భుజాలు పట్టేశాయి, ఏం కోరుకున్నావంటే చెప్పలేదు.

ఇక అక్క వద్దన్న పని చేశాం, శనివారం సాయంత్రం ఒక్కసారి చూసొద్దాం అని మళ్ళీ వెళ్ళాం, బుద్ధి గడ్డి తిని. అచ్చం మా సిటీయే, మోచేతులు, గొడుగులు, కదలని లైను. అవే స్టాళ్ళు, అదే వైన్, రెండ్రోజుల కింద అంత నచ్చిన చోటు, పది నిమిషాల్లో పారిపోయి వచ్చాం. మా సిటీ మార్కెట్‌ని నేను మంగళవారం పొద్దున చూసుంటే ఇంత తిట్టేవాణ్ణి కాదేమో అని కూడా అనిపించింది, కానీ ఆ రెయిన్‌డీర్లు మంగళవారం కూడా మూడు చోట్లా ఉంటాయిగా, అందుకని మాట వెనక్కి తీసుకోను.

సాక్సులు కనిపించాయి. మా ఆవిడే కొంది, రెండు జతలు.

ప్లమ్ బొమ్మ కూడా తెచ్చాం, చిమ్నీలు శుభ్రం చేసేవాడి వేషం, చేతిలో చిన్న నిచ్చెన. పాప దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది.

ఎర్లాంగెన్ అక్క:

హమ్మయ్య, చాలా సంతోషం తమ్ముడూ. శనివారం సంగతికి నేనేం అనను, మా చుట్టాలూ అంతే, చెప్పినా వినరు. ఆ బొమ్మ మాత్రం షోకేసులో పెట్టండి, అది అలంకరణ కోసం చేసింది, లోపల తీగ ఉంటుంది, తినేది కాదని పాపకి చెప్పారా?

తడిసిన మఫ్లర్:

లేటుగా చెప్పారక్కా. ఎడమ కాలు ఆల్రెడీ లేదు.